రత్నం సారు దొంగ మట్టి

హసన్‌పర్తిల కొత్తగ లేచిన ఒక కాలనీల రత్నం సారు ఇంటిముందర ఒక లాన్ ఉండేది. ఈ ముచ్చట మొదలయ్యే నాటికి దాని రంగు కామెర్లొచ్చిన మనిషి కండ్ల తీరుగ అయింది.

రత్నం సారు బస్టాండుల కంట్రోలర్‌గ చేసి రిటైరయిండు. బస్సు రాకపోతే డ్రైవర్ తప్పు. డ్రైవర్ ఉంటే టైరు తప్పు. టైరు మంచిగుంటే వాన తప్పు. సర్వీసు మొత్తంల కంట్రోలర్ తప్పు అనే మాట ఆయన బస్సులు చెప్పే మైకుల ఎన్నడు ఇనవడలే. రిటైరైనంక మైకు పోయింది గని అలవాటు పోలే. ఇప్పుడు డ్రైవర్, టైరు, వాన మూడు డ్యూటీలు ఆయన భార్య దీనమ్మ ఒక్కతే చేస్తాంది.

"గడ్డి చూడు, పసుపు కొమ్ము లెక్క అయింది. అంత నీ సబ్బునీళ్ల పుణ్యమే!" అన్నడు ఒకరోజు పొద్దున.

దీనమ్మ బట్టలు పిండుతనే జవాబిచ్చింది. "నా బండ ఈ మూలకున్నది. నీ గడ్డి నడిమిట్ల ఎండుతాంది. సబ్బునీళ్లు చెప్పులేసుకోని నడిసి పోయినయా?"

"లోపల్నుంచి ఇంకి పోతయి. అది సైన్సు."

"మరి నువ్వు దోసిళ్లతోటి చల్లే డీఏపీ ఎరువు ఏ సైన్సు?"

"అది బలం."

"బలం ఎక్కువైతే మనిషికే అరగదు. గడ్డికి అరుగుతదా?"

దీనమ్మ నెక్కొండల వ్యవసాయం ఇంట్ల పుట్టిన మనిషి. ఇల్లు కట్టిన కొత్తల, ముందర జాగల కూరగాయలు పెడుదామని బతిమిలాడింది. "ఇది ఇల్లా, చేనా?" అన్నడు రత్నం సారు. పక్కింటి రాజేశ్వర్ రావుకు లాన్ ఉన్నది, తనకూ ఉండాలె. ఆ రావు గడ్డి మీద చీమ నడిసినా కాళ్లు కడుక్కోని రమ్మనేటంత శుభ్రం. కాలనీల అందరు కార్పెట్ రావు అంటరు. దీనమ్మకు దక్కిందల్ల బట్టలుతికే బండ పక్కన చాపంత జాగ. అండ్ల పుంటికూర, అదే గోంగూర, ఏసుకున్నది. అదే ఆమె రాజ్యం.

ఆ రాజ్యం మీదనే రత్నం సారు కన్ను పడ్డది. చర్చి మందిరం కమిటీకి సెక్రెటరీ కావాలని ఆయనకు ఎప్పటిసంది కోరిక. పెద్దలందరిని ఇంటి ప్రార్థనకు పిలిచిండు. లాన్‌ల కుర్చీలేస్తే కార్పెట్ రావు కండ్లు కుట్టాలె, కమిటీ కడుపు నిండాలె. గడ్డేమో కామెర్లు పట్టి కూసున్నది.

"మట్టి పరీక్ష చేయిద్దాం," అన్నడు. "సబ్బునీళ్ల తప్పని తేలితే ఆ బండ దాబా మీదికి పోవాలె, పుంటికూర పీకాలె."

"నీ తప్పని తేలితే?"

"నువ్వేమంటే అది."

"ప్రార్థన చేసే నోటితోటి అంటానవు. యాదుంచుకో."

మట్టి పరీక్ష ఆఫీసుల స్రవంతి మేడం అని ఒక పిల్ల ఆఫీసరు. ఓపికతోటి అంతా చెప్పింది. నాలుగు దిక్కుల తిరుక్కుంట చాన చోట్ల తియ్యాలె, అంతా కలిపి అండ్లకెల్లి పిడికెడు తేవాలె, మురికినీళ్ల మోరీలు, గోడల దగ్గర మాత్రం ముట్టొద్దు. రత్నం సారు మందిరంల ప్రసంగం ఇన్నట్టు తలూపిండు. అంటే అంతా ఇన్నడు, ఏదీ పట్టించుకోలే.

దీనమ్మ స్త్రీల కూడికకు పోయిన టైము చూసి గడ్డపార పట్టిండు. నడిమిట్ల తవ్వలే, మూలలల్ల తవ్వలే. సీదా పోయి బట్టల బండ కింద, సబ్బు పేరుకోని తెల్లగైన మట్టి తీసిండు. పైన ప్రభువు చూస్తాండేమో అని తలెత్తిండు. పైన బాల్కనీల కార్పెట్ రావు చూస్తాండు.

"ఏంది రత్నం సాబ్, గుంత తీస్తాండ్రు?"

"పిల్లి... పిల్లి సచ్చింది."

"అయ్యో పాపం! పెంచుకున్నరా?"

"లేదు లేదు. ఎక్కన్నుంచో వచ్చి సచ్చింది."

మర్నాడు కార్పెట్ రావు గేటు దగ్గర దీనమ్మను పరామర్శించిండు. దీనమ్మ "ఏ పిల్లి?" అనలే. "అవునన్నా, దాని టైమొచ్చింది," అని లోపలికొచ్చి, బండ కింద గుంత చూసి, బట్టలు నానవెట్టింది.

రిపోర్టు వచ్చింది. రత్నం సారు వరండల నిలవడి, వరంగల్ నుంచి నర్సంపేట పోవు బస్సు అన్న గొంతుతోటి చదివిండు. "మట్టిల సోడా ఉప్పు చాన ఎక్కువ! నత్రజని తక్కువ! భాస్వరం తక్కువ! జిప్సం వెయ్యాలె, యూరియా వెయ్యాలె, డీఏపీ వెయ్యాలె! ఇన్నవా? డీఏపీ ఇంక వెయ్యమంటాంది సర్కారు!"

దీనమ్మ ఆయన మొఖం దిక్కు చూసింది. "ఇది మన లాన్ మట్టేనా?"

"కాకపోతే కార్పెట్ రావుదా?"

"ఒక్కసారి మంచిగ ఆలోచించి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలె? సైన్సు అబద్ధమాడుతదా?"

"సైన్సు ఆడదు," అన్నది దీనమ్మ.

ఆ సాయంత్రమే పుంటికూర వేర్లతో సహా పీకి, కట్టలు కట్టి కాలనీల పంచింది. ఇంట్ల మాత్రం వండలే. బండ దాబా మీదికెక్కింది. మోకాళ్ల నొప్పులతోటి తడిబట్టల బకెట్ పట్టుకోని, మెట్టుమెట్టుకు ఆగుకుంట ఎక్కేది. రత్నం సారు పేపర్ అడ్డం పెట్టుకోని చూసేటోడు. లోపల ఏదో చిన్న ముల్లు గుచ్చుకున్నట్టయ్యేది. చాయ్ తాగితే ఆ ముల్లు కిందికి దిగేది.

ఇక రిపోర్టు అమలు మొదలైంది. రిపోర్టుల ఉన్న జిప్సం, యూరియా, డీఏపీ అన్నీ లాన్ మొత్తం చల్లిండు, అదీ మండుటెండల. బండ కింది మట్టి రోగానికి రాసిన మందు లాన్‌కు మింగిచ్చిండు. ఒకరి నెత్తురు పరీక్షకిచ్చి ఇంకొకరికి గోలీలేస్తే ఏమైతది? కామెర్ల గడ్డి కాస్త మాడిన రొట్టె అయింది. తొక్కితే పటపటమని చప్పుడు.

రత్నం సారు స్రవంతి మేడం దగ్గరికి ఉరికిండు. "మీ మందు నా గడ్డిని సంపింది! నేను పైకి కంప్లయింట్ పెడుత!"

"సార్, నేను గూడ అదే పరేషాన్ల ఉన్న," అన్నది ఆ పిల్ల. "మీ రిపోర్టు ఇచ్చినంక రెండ్రోజులకే దీనమ్మ మేడం వచ్చిండ్రు. అదే అడ్రసు, అదే లాన్. వాళ్లు తెచ్చిన మట్టిల భాస్వరం పొంగి పొర్లుతాంది. ఏండ్ల సంది డీఏపీ గుమ్మరిస్తే అట్లయితది. అది ఎక్కువై గడ్డికి ఇనుము, జింకు అందుతలేవు, అందుకే పసుపు పడ్డది. రెండేండ్లు ఏ ఎరువూ వెయ్యొద్దని రాసిచ్చిన. మీరు ఇంతకు ఎక్కడ తీసిండ్రు సార్ మట్టి?"

రత్నం సారు "బస్సుకు టైమైంది" అని బయటికొచ్చిండు. ఆయన స్కూటర్ మీద పోయిండని ఆ పిల్లకు తెల్వదు.

ఇంటికొచ్చి స్కూటర్ తుడుసుడు పెట్టుకున్నడు. దీనమ్మ ఆ రెండో రిపోర్టు ఎప్పుడు బయట పెడుతదో అని రోజులు లెక్కవెట్టుకున్నడు. చివరికి ఇంటి ప్రార్థన రోజు రానే వచ్చింది. మాడిన గడ్డి మీద కుర్చీలు, కుర్చీల మీద కమిటీ, పక్కన కార్పెట్ రావు. పాటలైనయి, ప్రార్థనైంది, బిర్యానీ వచ్చింది.

"ఇదేంది రత్నం, గడ్డి గిట్లయింది?" అని అడిగిండు మందిరం పాస్టరు అయ్యగారు.

రత్నం సారు నోట్లె "సబ్బు" దాకా వచ్చింది. దీనమ్మ కండ్లు చూసి బిర్యానీ ముద్దతోపాటు మింగిండు.

"పిల్లిని పాతిపెట్టిండు అయ్యగారూ," అన్నది దీనమ్మ, రైతా ఏసుకుంట. "ఆ దుఃఖంతోటి ఎండింది."

"అవునవును, నేను కండ్లార చూసిన!" అన్నడు కార్పెట్ రావు. "పాపం, బట్టల బండ కింద పాతిండ్రు. కొద్దిగ మట్టి కవర్ల గూడ ఏసుకున్నరు, గుర్తుకేమో!"

కమిటీ మొత్తం నవ్వింది. సబ్బునీళ్ల కథ, పరీక్ష కథ మందిరంల మనిషి మనిషికి చెప్పింది రత్నం సారే గదా. ఏ మట్టి కవర్లకు పోయిందో అందరికి అర్థమైంది. సెక్రెటరీ పదవి ఆ నవ్వులనే కొట్టుకపోయింది.

అందరు పోయినంక రత్నం సారు మెల్లగ అన్నడు. "రెండో రిపోర్టు చేతుల పెట్టుకోని చెప్పకపోతివి. నేను యూరియా చల్లుతాంటే చూసుకుంట కూసున్నవు."

"ముప్పై ఏండ్ల సంది చెప్తాన. నా మాట ఎన్నడన్న ఇన్నవా? ఆలోచించి చెప్పుమని ఆనాడు అడిగిన. అప్పుడన్న అవునే దీనా, తప్పయిందంటే ఈ గడ్డి బతికేది."

"సరే," అన్నడు, దానం చేసేటోని తీరుగ. "మాటంటే మాటే. లాన్ మొత్తం తవ్విపిస్త. నీ ఇష్టమొచ్చిన కూర ఏసుకో."

"ఈ మట్టి నాకెందుకు? నెక్కొండల మా నాయిన ఇచ్చిన నా వంతు భూమి ఉన్నది. చెల్లె కరుణ నా కోసం ఇన్నేండ్ల సంది చూసుకుంటాంది. ఈ వానకాలం నేనే చేసుకుంట. ఆదివారం మందిరానికొస్త."

"మరి నేను?"

"నీకు లాన్ ఉన్నది గదా."

"దానికేం చెయ్యాలె?"

"ఏం చెయ్యొద్దని రాసిండ్రు. ఏం చెయ్యకుండ ఉండుడు నీకు కొత్తనా?"

తెల్లారి రైలుకు పోయింది. కోపంతోటి పోతే బతిమిలాడి తెచ్చుకోవచ్చు. ఆమె నవ్వుకుంట పోయింది. అదే ఆయనకు మింగుడు పడలే.

వానలు పడ్డయి. ఒక ఆదివారం దీనమ్మ మందిరానికి బెండకాయల సంచి తెచ్చింది. ఎండకు మొఖం నల్లవడ్డది గని మోకాళ్ల మీద చెయ్యి పెట్టకుండనే మెట్లెక్కింది. ఆరాధనైనంక ఆడోళ్లందరు చుట్టు మూగిండ్రు. రత్నం సారు గూడ లైన్ల నిలవడ్డడు, చేతుల కవర్ పట్టుకోని. ఆమె అందరికేసినన్నే ఆయనకూ ఏసింది. ఒక్క కాయ ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"కడిగి, ఆరినంక కొయ్యి. తడి మీద కోస్తే జిగురైతది."

"ఎంతసేపు ఆరవెట్టాలె, దీనా?"

అప్పటికే దీనమ్మ ఆయన ఎనుక నిలవడ్డామె సంచి అందుకున్నది.