పదమూడు బోల్టులకు బొట్టు

కౌసల్య సర్పంచ్ నామినేషన్‌కు ఆ రోజే ఆఖరు. సాయంత్రం అయిదింటికి తొర్రూరు ఆఫీసులో తలుపు మూస్తారు. వర్జ్యం దాటాక మూడింటికి బయలుదేరాలని పొద్దున్నే అనుకున్నారు. ఆటోలో పోదామంటే భర్త హన్మంత్ ఒప్పుకుంటేగా!

"మా బాపు మూడుసార్లు గెలిచింది గీ జీపులనే. బోల్టు బోల్టుకూ బొట్టు పెట్టు."

ఆమె నూనెలో కుంకుమ కలిపి ఒక్కో చక్రానికి పదమూడు బోల్టులూ ఎర్రగా మెత్తింది.

తొర్రూరు ఇంకా నాలుగు కిలోమీటర్లుండగా ముందు చక్రం పంక్చరైంది. హన్మంత్ పానా పెట్టి ఒక బోల్టును అరచుట్టు తిప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది మహానుభావుడికి! ఆ పాతకాలపు చక్రం రెండు ముక్కలు. వాటిని కలిపి బిగించే ఎనిమిది బోల్టులను ముట్టుకోవద్దని పంక్చర్ షాపు కనకయ్య ఎర్రరంగు వేశాడు. చక్రం ఊడదీయడానికి విప్పాల్సినవి మిగతా అయిదే. ఇప్పుడు పదమూడూ ఎరుపే. కనకయ్యకు ఫోన్ చేశాడు.

"ఏ బోల్టు తిప్పినవ్ పటేలా?"

"ఎర్రదే!"

"అయ్యో! గాలుండంగ అది ఊడితే సగం చక్రం లేసొచ్చి తల తీస్కపోతది. పానా ఇడువకు, కదలకు, వస్తున్న!"

స్పీకర్‌లో అది విని, చూడ్డానికి ఆగినవాళ్లంతా పరుగో పరుగు. పత్తి ట్రాక్టర్ ఆగింది, దాని వెనక బస్సు ఆగింది. బస్సు దిగినవాళ్లకు జీపులో బాంబుందని తెలిసింది. టీకొట్టు లత స్టవ్వు ఆర్పేసి, గ్లాసులతో సహా చేనులోకి ఉరికింది. హన్మంత్ కళ్లు గట్టిగా మూసుకుని, పానా పట్టుకుని, ఉన్న దేవుళ్లందరికీ మొక్కాడు.

నాలుగైంది. "నేను ఆటోల పోయొస్త," అంది కౌసల్య.

"నన్నొక్కన్నే ఇడిచిపెట్టి పోతవా?"

"నేనుంటే చక్రం ఆగుతదా?"

బస్సు వెనక ఇరుక్కున్న యుగేందర్ ఆటోను పక్క బాట పట్టించి వెళ్లిపోయింది.

ఆగిన బండ్లన్నీ తప్పించుకుని కనకయ్య చేరేసరికి అయిదుంబావు. పాకుతూ వెళ్లాడు. ఏ బోల్టు ముట్టాలన్నా ముందు గాలి తీయాలి కదా, వాల్వు పిన్ను ఊడదీశాడు. జనం చెవులు మూసుకున్నారు. చక్రం కిమ్మనలేదు.

"గిండ్ల గాలే లేదు గద పటేలా!"

అప్పుడే రసీదుతో ఆటో దిగింది కౌసల్య. "గాలి పోయిందనే గద ఆగినం!"

హన్మంత్‌కు ఏడుపొక్కటే తక్కువ. "మరి ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్తే జీపు తయారయ్యేదాక నన్ను గీడనే కూసోబెడ్తుంటిరి."

ఆమె గెలిచింది. ఊరేగింపు యుగేందర్ ఆటోలో జరిగింది. దాని బోల్టులకు ఎవరూ బొట్టు పెట్టలేదు.