ఒక పాలు పొడి

ఆ ఉదయం కోడలు చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. రక్తపరీక్షకు వెళ్ళి పదింటికల్లా తిరిగొస్తుంది. ఆలోగా అత్తగారు కోడలి డబ్బాలోని మందుపొడి కలిపి ఉంచాలి. రోజూ తనే కలుపుకుంటుంది గనక, కొలత చీటీ మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది: "ఒక పాలు పొడి, అయిదు పాళ్ళు నీళ్ళు."

మాంసకృత్తుల్లోని ఒక పదార్థాన్ని ఆమె ఒళ్ళు పుట్టుకనుంచీ అరాయించుకోలేదు. పాలు, గుడ్లు, పప్పులు ముట్టకూడదు. మిగతావి గ్రాముల్లో తూచి తినాలి. బలానికి ఆ పదార్థం లేని ఈ మందుపొడే ఆధారం. ఇప్పుడు నాలుగో నెల. నెత్తుట్లో ఆ లెక్క పెరిగితే దెబ్బ తగిలేది బిడ్డ మెదడుకి. ఆ భయంతోనే ఆమె ప్రతి ముద్దా తూచుకుంటోంది.

భర్త అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. మంచినీళ్ళ కోసం వచ్చినవాడు "పాలు పొడి" చూసి నొచ్చుకున్నాడు. జేబులోంచి ఎర్రకలం తీసి, "ఒక" కొట్టేసి, "పాలపొడి" అని దిద్ది, పనికి వెళ్ళిపోయాడు. దిద్దేటప్పుడు అతను అక్షరం చూస్తాడు గాని అర్థం జోలికి పోడు.

తర్వాత అత్తగారు చూసింది. ఎర్రసిరా అంటే డాక్టరుగారి దిద్దుబాటే అనుకుంది. నిన్ననేగా కోడలు ఆసుపత్రికి వెళ్ళొచ్చింది, చీటీ చూసి పథ్యం సడలించి ఉంటారు! మామగారు పాలపొడికి ఒకసారి, జీడిపప్పుకి మరోసారి బజారుకు పరిగెత్తారు. సంగతి విన్న పక్కింటి దర్జీ ఆవిడ ఆరు గుడ్లు ఉడకబెట్టి తెచ్చింది.

పదింటికి కోడలు వచ్చి గ్లాసు ఎత్తింది. రోజూ ఆ పానీయం తడిసిన మేజోళ్ళ కంపు కొడుతుంది. ముక్కు మూసుకుని తాగుతుంది. ఇవాళ కమ్మటి వాసన. చెయ్యి పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"అత్తయ్యా, ఇందులో ఏం కలిపారు?"

"పాలపొడేనమ్మా. డాక్టరుగారే దిద్దారుగా."

కోడలు చీటీ చూసి కుర్చీలో కూలబడింది. తను రాసిన "ఒక పాలు" అంటే ఒక వంతు; ఎర్రసిరాలో అది తాగే పాలైపోయింది.

"నాకూ తినాలనే ఉంటుందత్తయ్యా. కానీ బిడ్డకి నా నోరే కదా కాపలా."

అత్తగారు గ్లాసు తొట్లో ఒంపేసింది. డబ్బాలోని పొడి కలిపి, తనూ ఒక గుక్క తాగి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కంపుకో, జాలికో ఆవిడకే తెలియలేదు.

"రోజుకి మూడుసార్లా తల్లీ?" అంది.

ఆనాటినుంచి, అంతకుముందు రోజూ అనే "ఒక్క ముద్ద తినవే" అన్న మాట ఆవిడ నోట రాలేదు.

సాయంత్రం భర్త వచ్చి, జరిగింది విని, తను దిద్దిన "ఒక పాలు" కింద ఎర్రచుక్కలు పెట్టాడు. మొదట ఉన్నదే సరి అని ప్రూఫుల భాషలో దానికర్థం. ఆ తర్వాత ఆరు గుడ్లూ తనే తిన్నాడు, ఒక్క తప్పూ పట్టకుండా.