లేని రాయి వల్ల కలిగిన లాభాలు

జబ్బు పేరు దాచిపెట్టడమంత ఆరోగ్యకరమైన అలవాటు ఈ భూమ్మీద ఇంకొకటి లేదు! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను. పొద్దున్నే నడవడం, ఉప్పు తగ్గించడం, పెందలాడే పడుకోవడం, ఇవన్నీ దాని ముందు దిగదుడుపే.

నేను కళ్ళద్దాల దుకాణం నడుపుకునే మనిషిని. ఎదుటివాళ్ళకి అన్నీ స్పష్టంగా కనబడేలా చెయ్యడం నా వృత్తి. అలాంటివాడికి, ఏదీ కనబడకుండా దాచడంలో ఎంత సుఖముందో ఈమధ్యే తెలిసింది. ఆ సుఖం మీకూ కాస్త పంచుదామని కూర్చున్నాను.

ముందు అసలు సంగతి. ఒకరోజు బాత్రూంలో ఎర్రగా కనబడింది. నొప్పి లేదు, మంట లేదు. స్కానింగ్ అన్నారు, కెమెరా అన్నారు. మూత్రసంచి లోపలి గోడకి చిన్న గడ్డ ఉందన్నారు. గీకి తీసేసి పరీక్షకి పంపితే క్యాన్సర్ అని వచ్చింది.

డాక్టరమ్మ చిన్నావిడ. "కంగారు పడకండి, పైపొరలోనే ఉంది. మళ్ళీ మొలవకుండా కీమో ఇస్తాం. రక్తంలోకి కాదు, నేరుగా సంచిలోకే. సన్నటి గొట్టంతో మందు లోపలికి పంపి గొట్టం తీసేస్తాం. మీరు రెండు గంటలు ఆపుకోవాలి. వారానికొకసారి, ఆరు వారాలు," అంది. జుట్టు కూడా ఊడదట.

"అంటే దోమల మందు కొట్టి గది తలుపులు మూసేస్తారే, అలాగన్నమాట," అన్నాను.

"అలాగే అనుకోండి. తలుపులు మాత్రం మీరే గట్టిగా మూసుకోవాలి. ఆ రోజు పొద్దుట్నుంచి నీళ్ళు బాగా తగ్గించండి. సంచిలో నీళ్ళు చేరితే మందు పల్చబడుతుంది, మీరు ఆపుకోనూ లేరు. మందు గోడకి పట్టకపోతే గడ్డ మళ్ళీ రావచ్చు. ముదిరితే సంచే తీసెయ్యాల్సి రావచ్చు," అంది. అంత మర్యాదగా బెదిరించినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇక్కడ మీరొకటి గమనించాలి. జబ్బుల్లో కూడా హోదాలున్నాయి! గుండె జబ్బంటే ఎంత గౌరవం! వీధి వీధంతా గొంతు తగ్గించి మాట్లాడుతుంది. మెదడులో ఏదో ఉందంటే, వీడికి మెదడుందా అన్న అనుమానమైనా తీరుతుంది. షుగరూ బీపీ ఉన్నవాళ్ళయితే విజిటింగ్ కార్డు ఇచ్చినట్టు చెప్పుకుంటారు. మరి మూత్రసంచి ఏం పాపం చేసింది? పుట్టిన దగ్గర్నుంచీ దానిచేత చాకిరీ చేయించుకుంటాం, నలుగురిలో పేరెత్తమంటే సిగ్గుపడతాం. ఆ పేరు పక్కన క్యాన్సర్ కూడా చేరితే ఇక చెప్పేదేముంది? మా ఆవిడకైతే ఆ మాట నోట్లోంచి రానే లేదు. డాక్టరమ్మ గది బయట కూర్చుని "అదటండీ," అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు "అది".

సరిగ్గా అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. ఆవిడ తమ్ముడు. వాడికి కార్లకు రంగులేసే షెడ్డుంది. బంగారంలాంటివాడు గానీ నోట్లో నువ్వుగింజ నానదు. "అక్కా, బావకేంటంట?" అని వాడు అరిచిన అరుపు పక్క కుర్చీలో ఉన్న నాకూ వినబడింది. మా ఆవిడ నావైపు చూసింది, గోడవైపు చూసింది. "రాళ్ళటరా, కిడ్నీలో. చిన్నవేలే," అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ అబద్ధమాడగా చూడ్డం అదే మొదలు. ఎంత చక్కగా ఆడిందనుకున్నారు!

ఇక లాభాలు వినండి. "అది" ఉన్నవాడి దగ్గరికి జనం మొహాలు వేలాడేసుకుని వస్తారు. రాళ్ళున్నవాడి దగ్గరికి కబుర్లకొస్తారు! చత్వారం అద్దాలకని వచ్చిన బ్యాంకు మేనేజరు జేబులోంచి చిన్న డబ్బీ తీసి, కిందటేడు పడిపోయిన తన రాయిని నా కౌంటర్ మీద పెట్టాడు. మనవడి ఫొటో చూపించినంత మురిపెంగా చూపించాడు. భూతద్దం నా దగ్గరే ఉంది కదా, ఇద్దరం తలలు ఆనించి చాలాసేపు చూశాం. "మీదెన్ని ఎమ్మెమ్ సార్?" అన్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా, తొమ్మిదన్నాను. సాయంత్రం వాళ్ళావిడ అడిగితే మా ఆవిడ ఆరు అందట. మర్నాడు షాపు తెరవకముందే వచ్చి నిలబడ్డాడు. "ఒక్క పూటలో మూడు ఎమ్మెమ్ కరిగిందా! ఏం వాడుతున్నారు సార్?" అని నా చేతులు పట్టుకున్నాడు.

క్యాన్సర్ ఉన్నవాణ్ణి ఎవరైనా ఇలా అసూయగా చూస్తారా? చెప్పండి!

రాళ్ళకి మందేమిటో మీకు వేరే చెప్పాలా? నీళ్ళు! ఆ బాధ్యత మా బావమరిది నెత్తినేసుకున్నాడు. వాడికి నేను జలవనరుల శాఖ అని పేరు పెట్టాను. రోజూ షెడ్డు తెరవకముందే ఓ డబ్బా బార్లీ నీళ్ళు కాచుకుని తెచ్చేవాడు. గ్లాసు తర్వాత గ్లాసు పోసి, నేను గుటక వేస్తున్నానో లేదో గొంతుకేసి చూసేవాడు. మామూలు రోజుల్లో పరవాలేదు, నీళ్ళు ఎవరికైనా మంచివే. కానీ గురువారం సంగతేమిటి? గురువారం నా కీమో!

మొదటి రెండు గురువారాలూ మా ఆవిడ కాపాడింది. వాడు ఫోన్ చూసుకుంటూ తల వంచగానే గ్లాసు లాక్కుని గడగడా తాగేసేది. డబ్బా డబ్బా ఆవిడే తాగింది. తీరా ఆస్పత్రికి వెళ్తే, నేను రాయిలా కూర్చునేవాణ్ణి, ఆవిడ మాత్రం కూర్చున్న కుర్చీ వేడెక్కకుండానే లేచి బాత్రూంకి పరిగెత్తేది. "పేషెంట్ మీరా అమ్మా?" అని సిస్టర్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. భర్త కష్టంలో సగం పంచుకోవడమంటే ఇదే అని నాకు అప్పుడర్థమైంది.

మూడో గురువారం వాడు "నేనే దింపుతా బావా" అని కారు తెచ్చాడు. ముందు సీట్లో నేను, వెనక సీట్లో మా ఆవిడ, నా చేతిలో పెద్ద నీళ్ళ సీసా.

"ఆ సీసా ఖాళీ అయితేగానీ బండి కదలదు," అన్నాడు నవ్వుతూ.

"తర్వాత తాగుతాలేరా."

"తర్వాతంటే నువ్వు తాగవు. నాకు తెలీదా నీ సంగతి? తాగు బావా, నా మీద ఒట్టు."

ఒక్క ముక్క చెబితే సరిపోయేది. "ఒరేయ్, నాకు రాయి కాదురా" అంటే చాలు. నోరు తెరిచాను కూడా. వెనకనుంచి మా ఆవిడ నా భుజం గట్టిగా నొక్కింది. సీసా ఎత్తి తాగేశాను.

మందు ఎక్కించిన కాసేపటికే కడుపు కింద బరువు మొదలైంది. పళ్ళు బిగబట్టాను, దుప్పటి పిడికిట్లో నలిపేశాను, చిన్నప్పటి ఎక్కాలు వల్లించాను. ఎక్కడాగుతుంది? అరగంట కూడా కాకుండానే పరిగెత్తాను. నన్ను కాపాడాల్సిన మందు నా కళ్ళముందే పోతుంటే అక్కడే కూర్చుని ఏడ్చాను. ఇందులో హాస్యమేమీ లేదు, మన్నించండి.

"నీళ్ళు తాగారా?" అంది డాక్టరమ్మ.

"మా బావమరిది తాగించాడండీ."

"ఆయనకి చెప్పలేదా?"

"రాళ్ళని చెప్పాం."

"ఎవరికేం చెప్పుకుంటారో మీ ఇష్టం. ఆయన మాత్రం మీకు మంచి చేస్తున్నాననే అనుకుంటున్నాడు," అంది. ఆ వారం లెక్కలోకి రాదనీ, చివర్లో ఇంకోటి ఇస్తాననీ చెప్పింది.

అంతమాత్రాన నా సిద్ధాంతం మార్చుకున్నాననుకున్నారా? అబ్బే! ఒక అబద్ధం చాలకపోతే ఇంకోటి ఆడాలి గానీ నిజం చెప్పడమేమిటి, అసహ్యంగా! "గురువారాలు స్కానింగ్ ఉంటుందిరా, అదయ్యేదాకా నీళ్ళు ముట్టుకోకూడదట," అని మా ఆవిడ వాడికి చెప్పింది. ఈ సంగతి ముందే ఎందుకు తట్టలేదంటారా? మేము కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళం కదండీ.

వాడు దాన్ని కూడా నమ్మాడు. నమ్మి, ప్రతి గురువారం మాతోనే వచ్చి, వార్డు బయట కాపలా కూర్చున్నాడు. మందు సంచి గోడలన్నిటికీ తగలాలని సిస్టర్ నన్ను కాసేపు వెల్లకిలా, కాసేపు కుడివైపు, కాసేపు ఎడమవైపు, కాసేపు బోర్లా పడుకోబెట్టేది. వాడది కర్టెన్ సందులోంచి చూశాడు. "అదేంటక్కా, బావ అలా దొర్లుతున్నాడు?" అన్నాడు. "రాయి కదలాలి కదరా," అంది మా ఆవిడ. ఇప్పుడావిడ అబద్ధాలకి తడుముకోవడం కూడా మానేసింది.

ఇంకేముంది! ఆ వారమే షెడ్డులో పనివాళ్ళందరికీ వాడు దొర్లుడు వైద్యం నేర్పాడు. అది అక్కణ్ణుంచి వీధిలోకి పాకింది. బ్యాంకు మేనేజరు భోజనాల టైములో ఆఫీసు సోఫా మీద దొర్లుతూ పట్టుబడ్డాడని విన్నాను. వైద్యశాస్త్రానికి నావంతుగా నేను చేసిన సేవ అది.

ఇంటికొచ్చాక ఇంకో ముచ్చట. ఆ పూటంతా యూరిన్‌లో మందు ఉంటుంది కాబట్టి మగవాడైనా సరే కూర్చునే పోసుకోవాలి, మూత దించి రెండుసార్లు ఫ్లష్ కొట్టాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బాత్రూం తలుపు మీద మా ఆవిడ ఇవన్నీ పెద్దక్షరాలతో రాసి అంటించింది. మా బావమరిది చదివి తల గోక్కున్నాడు. "రాతిపొడి పడుతుందిరా, ఎవరికైనా గుచ్చుకుంటుంది," అంది. మగాళ్ళు బాత్రూం శుభ్రంగా ఉంచాలని ఆడవాళ్ళు ఎన్నాళ్ళనుంచి మొత్తుకుంటున్నారు! ఎవరి మాటకీ వంగని మగజాతిని ఒక్క లేని రాయి కూర్చోబెట్టింది.

చూశారా, ఎన్ని లాభాలో! పరువు దక్కింది, స్నేహితులు పెరిగారు, బాత్రూం మెరిసింది. మందులన్నీ అయ్యాక డాక్టరమ్మ మళ్ళీ కెమెరాతో చూసింది. "ప్రస్తుతానికి శుభ్రంగా ఉంది. కొన్నాళ్ళపాటు మధ్యమధ్యలో వచ్చి చూపించుకుంటూ ఉండాలి," అంది. మా ఆవిడ ఆస్పత్రి మెట్ల మీదే నా చొక్కా పట్టుకుని ఏడ్చేసింది. అబద్ధం గెలిచింది, మేము ఒడ్డున పడ్డాం అనుకున్నాను.

ఆ సాయంత్రం మా బావమరిది వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"బావా, నీకో సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ నువ్వు బాధలో ఉన్నావని చెప్పలేదు. నాక్కూడా నీ రాయే వచ్చింది!"

"ఏంటీ?"

"అచ్చం నీదే! ఎర్రగా పడుతోంది. నొప్పీ లేదు, మంటా లేదు. మొదట హడలి చచ్చాను. తర్వాత నీక్కూడా అంతేనని అక్క చెప్పింది గుర్తొచ్చి ధైర్యం తెచ్చుకున్నా."

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"నీ రెండో వారం అప్పట్నుంచి. ఆస్పత్రికి ఎందుకులే బావా, నీ వెనక తిరిగి వైద్యమంతా నేర్చుకున్నా కదా! నీళ్ళు తాగుతున్నా, పడుకునే ముందు దొర్లుతున్నా, కూర్చునే పోసుకుంటున్నా. ఇప్పుడు మధ్యమధ్యలో అసలు పడట్లేదు కూడా. కరిగిపోతున్నట్టుంది."

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. గబగబా వచ్చి తమ్ముడి రెండు రెక్కలూ పట్టుకుంది. "క్యాన్సర్ రా!" అంది. "మీ బావకి రాయి కాదు, క్యాన్సర్! మూత్రసంచిలో క్యాన్సర్!" కిటికీలు తెరిచే ఉన్నాయి. పక్కింట్లో టీవీ గొంతు తగ్గింది. ఇన్నాళ్ళూ మా పడగ్గదిలో నా చెవిలో కూడా అనలేని మాటని ఆవిడ అలా అరుస్తూనే ఉంది.

వాడు ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు.

"మరి నాకెందుకు రాయని చెప్పావక్కా?"

ఆవిడ వాడి చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. పేజీలకి పేజీలు రాసే నేను డాక్టరమ్మ నంబరు వెతుక్కున్నాను.

ఇదంతా మీకు ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. కాసేపటి క్రితమే వాణ్ణి కెమెరా పరీక్షకి లోపలికి తీసుకెళ్ళారు. అది నిజంగా రాయే అయితే బావుణ్ణు. ఎంత పెద్దదైనా సరే, జన్మంతా వాడికి బార్లీ నీళ్ళు నేనే కాస్తాను. తలుపు దగ్గర ఆగి, "బావా, షెడ్డులో వాళ్ళకి ఏం చెప్పమంటావ్?" అని అడిగాడు. "ఉన్నదే చెబుతాంలే, నువ్వెళ్ళు," అన్నాను.

వాడు వెళ్ళగానే మా ఆవిడ వాడి ఫోన్ తీసి షెడ్డుకి చేసింది. స్పీకర్ పెట్టి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. "మీ ఓనరుకి యూరిన్‌లో రక్తం పడుతోంది. క్యాన్సరేమోనని పరీక్ష చేస్తున్నారు. రంగుల మందులు పీల్చేవాళ్ళకి ఇది రావచ్చట. మీలో ఎవరికైనా ఎర్రగా పడితే ఇవాళే వచ్చి చూపించుకోండి."

అవతల రంగు కొట్టే కంప్రెసర్ మోత ఆగిపోయింది. ఒక గొంతు మెల్లగా అడిగింది.

"అయితే అది రాయి కాదా అమ్మా?"