బొంత కింద ఆరు పాటలు

"పాటలు కన్వర్టు చెయ్యాలిటండీ," అంది భార్య, ఆదివారం పొద్దున్నే టీ కప్పు బల్ల మీద పెడుతూ.

"కవర్లో పెట్టడమెందుకూ? పోస్టులో పంపుతావా?" అన్నారు టైపు మాస్టారు పేపర్లోంచి తల ఎత్తకుండానే.

"కవరు కాదు మహానుభావా, కన్వర్టు! నా ఫోన్లో దింపుకున్న ఆరు పాటలూ వీధి చివర హాల్లో ఉన్న ముసలి పాటల డబ్బాలో మోగవుట. దానికి వేరే రకం ఫైళ్లు కావాలిట. సాయంత్రం ఐదింటికే మా డాన్సు."

ఆ వీధిలో యాభై దాటిన ఆడవాళ్లు పన్నెండుమంది మూడు నెలలుగా ఆ ఆరు పాటలకి అడుగులు నేర్చుకుంటున్నారు. మోకాళ్లు మొరాయించినా మొండికేసి నేర్చుకుంటున్నారు. వాళ్ల నాయకురాలు మాస్టారి భార్య.

"మావయ్యా, అది కంప్యూటర్లో రెండు నిమిషాల పని. నేను చేసేస్తాను," అంది కోడలు.

"రెండు నిమిషాల్లో అయ్యేది పని కాదమ్మా, పనికిమాలినది," అన్నారు మాస్టారు కుర్చీలోంచి లేస్తూ. "నేను చేస్తాను."

మాస్టారు ముప్ఫై నాలుగేళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఆయనకు రెండే సూత్రాలు. నకలు తీయడమంటే మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా మళ్లీ కొట్టడం. ఆఖరి వరసలో ఒక్క తప్పు దొర్లినా కాగితం చింపి మొదటికి రావడం. రెండోది, టైపు కొట్టేవాడు కాగితం తీరు చూడాలి తప్ప అందులోని అర్థం జోలికి పోకూడదు. పోయినేడు డాన్సు ఆహ్వానపత్రాలు ఆయనే కొడతానన్నారు. ఒక్కొక్కటీ ఎనిమిదేసి సార్లు కొట్టారు. అవి అందరికీ అందాయి, అద్భుతంగా ఉన్నాయి. కాకపోతే డాన్సు అంతకు ముందురోజే అయిపోయింది. హాల్లో పదముగ్గురు కూర్చున్నారు. అందులో ఇద్దరు వాన పడుతోందని లోపలికొచ్చినవాళ్లు.

"ఈసారి గనక తేడా వస్తే మీతో మాట్లాడను," అంది భార్య.

"ఎన్నాళ్లు?"

"అది అప్పుడు చెప్తా. మాట్లాడితే కదా!"

మాస్టారికి మొదటిసారి చెమట పట్టింది. పంతం మాత్రం పోలేదు.

ఆయన పద్ధతి ఇది. ఫోన్లో పాట మోగాలి, పక్కన పెట్టిన చిన్న రికార్డరు దాన్ని వినాలి. ఆరు పాటలూ ఏకబిగిన, ఇరవై ఆరు నిమిషాలు. మొదటి ప్రయత్నంలో మూడో పాట మధ్య కుక్కరు ఈల వేసింది. మళ్లీ మొదటినుంచీ. రెండోసారి ఐదో పాటలో కోడలు తుమ్మింది. మళ్లీ మొదటినుంచీ. మూడోసారి అంతా నిర్విఘ్నంగా సాగి, ఆరో పాట చివర ఆనందం పట్టలేక మాస్టారే "భేష్!" అన్నారు. పాటల సంగతేమో గాని పాట్లు మాత్రం చక్కగా రికార్డయ్యాయి.

దాంతో ఇంట్లో నిషేధాజ్ఞలు వెలిశాయి. కుక్కరు కట్. ఫ్యాను కట్. టిక్కుటిక్కుమంటోందని గోడ గడియారం గుండె తీసేశారు. కాలింగ్ బెల్లు తీగ పీకేశారు. ఎవరూ నోరెత్తకూడదు. కోడలు ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు. పాపం ఆ పిల్ల చీటీ రాసి తలుపు కిందుగా తోసింది. నిమిషంలో చీటీ వెనక్కి వచ్చింది, మీద ఎర్ర పెన్సిలుతో: "మార్జిన్ ఏదీ?"

ఈ ఏర్పాట్లన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగోసారి బయటి చప్పుడు సోకకుండా మాస్టారు కిటికీ అద్దాలు బిగించి, మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫోనూ రికార్డరూ గుండెల మీద పెట్టుకుని, తల నుంచి కాళ్ల దాకా బొంత కప్పేసుకున్నారు. మండుటెండల్లో మందపాటి బొంత. లోపల ఆయన ఊపిరి కూడా వాయిదాల మీద పీలుస్తున్నారు.

సరిగ్గా అప్పుడే పక్కింటి పోస్టుమాస్టరు పేపరు కోసం వచ్చాడు. రిటైరై పదేళ్లయినా ఆయన బట్వాడా మానలేదు. ఉత్తరాలకు బదులు ఊసులు పంచుతాడు. బెల్లు నొక్కితే మోగలేదు. అలికిడికి కోడలు తలుపు తీసింది. లోపల గడియారం ఆగి ఉంది. ఉల్లిపాయలు తరుగుతోందేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెదవుల మీద వేలు పెట్టి తలుపు మెల్లగా మూసేసింది. ఆయన పక్కసందులోంచి తొంగిచూశాడు. పెరట్లో మాస్టారి భార్య కళ్లు మూసుకుని, చేతులు రెండూ ఆకాశానికెత్తి, చప్పుడు చెయ్యకుండా ఊగిపోతోంది. పాటలు లేకుండానే డాన్సు సాధన చేసుకుంటోంది మరి. పోస్టుమాస్టరు కిటికీ అద్దానికి ముక్కు ఆనించాడు. మంచం మీద, తల నుంచి కాళ్ల దాకా, బొంత.

ముప్పావుగంటలో వార్త ఊరంతా అందింది, రిజిస్టర్డు పోస్టులా.

ఒక్కొక్కరే వచ్చి పెరట్లో చెప్పులు విప్పి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎవరూ కిక్కురుమనలేదు. అంత గొప్ప నిశ్శబ్దం మాస్టారు జీవితంలో ఎరగరు. బొంత కింద ఆయన నాలుగోది తనే చెడగొట్టుకుని, ఐదోది అమోఘంగా నడిపిస్తున్నారు. భార్య ఓసారి కళ్లు తెరిచి చూసింది. అరవై మంది! డాన్సు ముందే చూడాలని వచ్చారనుకుని పొంగిపోయింది. నోరు విప్పితే మొగుడు మొదటికొస్తాడు గనక చిరునవ్వుతోనే పలకరించి, గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, చప్పట్లు చప్పుడు కాకుండా అంగుళం దూరంలో ఆపింది.

"అక్కయ్యగారికి దెబ్బ బాగా తగిలింది," అని పక్కవాడి చెవిలో ఊదాడు పోస్టుమాస్టరు.

హాలు కార్యదర్శి గజమంత పూలదండ మోసుకొచ్చాడు. ఆయన వెనక కోర్టు టైపిస్టు, మాస్టారి పాత శిష్యుడు, చేతిలో సంతాప పత్రంతో. శిష్యుడు కిటికీలోంచి బొంత చూశాడు. ఇక ఆగలేకపోయాడు.

"మాస్టారూ! నా పది వేళ్లకీ బతుకునిచ్చి మీరు వెళ్లిపోయారా మాస్టారూ!"

బొంత లేచి కూర్చుంది.

కిటికీ ధడాలున తెరుచుకుంది. "ఎవడ్రా ఆ ఏడుపు? ఇంకొక్క నిమిషం ఓపిక పట్టలేవురా? పూర్తయిపోయేవాణ్ణి కదా! మళ్లీ మొదటినుంచీ చావాలి!"

పోస్టుమాస్టరు వెనక్కి పడ్డాడు, కార్యదర్శి మీద. కార్యదర్శి చేతిలోని దండ ఎగిరి కిటికీలోంచి తల బయటపెట్టిన మాస్టారి మెడలోనే పడింది. పావుగంట పట్టింది ఎవరెందుకు వచ్చారో ఎవరికి వారు చెప్పుకోవడానికి. అయ్యాక పెరడంతా పకపకలు.

నవ్వనిది ఒక్క భార్యే. "టైమెంత?"

"నాలుగూ నలభై," అన్నాడు శిష్యుడు.

"అమ్మో, డాన్సు!"

కార్యదర్శి నేల చూపులు చూశాడు. "హాలుకి తాళం వేసేశానమ్మా. మాస్టారి గౌరవార్థం."

భార్య ఒక్క మాటా అనలేదు. ఆ మౌనం ఇందాకటిది కాదు. మాస్టారు మెడలో దండతో కోడలి దగ్గరికి వెళ్లి, గొంతు బాగా తగ్గించి, "అమ్మా, ఆ రెండు నిమిషాల పద్ధతి..." అన్నారు.

"పొద్దునే, మీరు గడియారం విప్పుతుండగానే చేసేశాను మావయ్యా. ఇదిగో పెన్ డ్రైవు."

"మరి చెప్పవేం?"

"మీరు మాట్లాడనిచ్చారా? చీటీలో రాసింది కూడా అదే."

మాస్టారు జేబులో ఉన్న ఎర్ర పెన్సిలు తడుముకుని, దాన్ని మరింత లోపలికి తోసుకున్నారు. తర్వాత కార్యదర్శి వైపు తిరిగి, "బతికున్నవాడి గౌరవార్థం తాళం తియ్యవయ్యా!" అన్నారు.

ఐదుంపావుకి హాల్లో ముసలి డబ్బా మోగింది. పన్నెండుమందీ ఆడారు. అరవై మందీ ఎటూ వచ్చి ఉన్నారు, మొహాలు కడుక్కుని కూర్చున్నారు. ఆరో పాట చివర అందరూ లేచి చప్పట్లు కొడుతుంటే భార్య వేదిక మీదినుంచి వచ్చి మాస్టారి పక్కన కూర్చుంది.

"ఇక మాట్లాడతావా?" అన్నారాయన.

"చూద్దాం. ముందా దండ తియ్యండి, దడుచుకుంటున్నారు."

దండ తీశాక మాస్టారు శిష్యుణ్ణి పిలిచి సంతాప పత్రం అడిగారు. కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూశారు. పెన్సిలు బయటికి వచ్చింది.

"ఎడమ మార్జిన్ తక్కువైందిరా. రేపు మళ్లీ కొట్టుకురా. ఎలాగూ కావాల్సిందే కదా."