ఇంజను దీపం

శుక్రవారం తెల్లవారి ఆరున్నరకు శ్రీవిద్య సంచిలో సర్టిఫికెట్లు సర్దుకుని, ఏడు గంటల బస్సుకు పోతానని చెప్పింది. కల్లూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు ఉద్యోగానికి ఆరోజు ఇంటర్వ్యూ. పదకొండింటికి అక్కడ ఉండాలి. పత్తికొండ నుంచి బస్సులో రెండున్నర గంటలు. లెక్క సరిపోయింది. సరిపోనిది ఆమె తండ్రి కేశవయ్యకే.

"ఇంట్లో కారు పెట్టుకోని నా బిడ్డ బస్సులో పోతే, ఊర్లో నా మొగం యాడ పెట్టుకోవాల?" అన్నాడు.

కేశవయ్యది ఎరువుల అంగడి. నెల కిందట ఆదోనిలో ఒక డాక్టరు దగ్గర పాత కారు కొన్నాడు. కోపం ఆయనకు కొత్త కాదు. కారు కొన్నాక దానికి చక్రాలు వచ్చాయి, అంతే.

కూతురు ఉద్యోగం చేయడం ఆయనకు ఇష్టం లేదు. "ఇదొక్కటే. ఇది తప్పితే సోమవారం నుంచి అంగట్లో కూచోవాల" అని ముందే షరతు పెట్టాడు. శ్రీవిద్య ఒప్పుకుంది. యూరియా బస్తాల మధ్య బతుకంతా కూర్చోవడం తలుచుకుని, రాత్రంతా చదివింది.

అయినా కారు బయల్దేరాలంటే పూజ కావాలి. "ఊరంతా టైరు కింద నిమ్మకాయ పెడతారు. బండిని లాగేది టైరా, ఇంజనా?" అని కేశవయ్య వాదన. అందుకని ప్రతి శుక్రవారం బానెట్టు ఎత్తి, ఇంజనుకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు చివరి చుక్క దాకా ఇంజను మీదే వంపేవాడు. ట్రాక్టరు మీద నుంచి కారు మీదికి మారిన డ్రైవరు ఓబులేషు ఇది మంచిది కాదేమోనని ఒకసారి అన్నాడు. ఆ ఒక్కసారికి పడిన తిట్లు చాలనుకుని, ఆపైన చూస్తూ ఊరుకున్నాడు.

ఏడుంబావుకు బయల్దేరారు. వెల్దుర్తి రోడ్డులో నాలుగు మైళ్లు పోయేసరికి ఓబులేషు మెడ ముందుకు చాచాడు.

"శెట్టీ, ఈడ పసుప్పచ్చగా బోరు మోటారు బొమ్మ ఎలిగింది."

కేశవయ్య వంగి చూశాడు. "మోటారు కాదురా, కాఫీ కెటిలు. లోపల ఏమో కాగతాండాది."

"అది ఇంజను బొమ్మ నాయనా" అంది వెనక నుంచి శ్రీవిద్య. "కారు పుస్తకంలో ఉండాది. పసుప్పచ్చగా నిలకడగా ఎలిగితే మెల్లగా పోవచ్చు, తీరిక చూసుకోని మెకానిక్కుకు చూపిస్తే సరి. మిటుకు మిటుకుమంటే మాత్రం నిలిపేయాల."

కారుతో వచ్చిన ఆ పుస్తకానికి తల్లి రాజ్యలక్ష్మమ్మ పసుపు రాసి దేవుని గూట్లో పెట్టింది. దాన్ని తెరిచి చదివిన మనిషి ఇంట్లో శ్రీవిద్య ఒక్కతే.

"కారు కొన్నది నేనా, నువ్వా?" అని లేచాడు కేశవయ్య. "పసుపు తర్వాత ఏమొస్తాది? కర్నూలు సిగ్నలు కాడ చూళ్లేదా? ఎరుపొస్తాది. ఎర్రగయ్యేదాకా కూచుంటే పేలిపోతాది. నిలుపురా!"

ఓబులేషు నిలిపాడు. రోడ్డు పక్కన మేకలు మేపుకుంటున్న పెద్ద ఈరన్న, మేకలతో సహా వచ్చి కారు చుట్టూ నిలబడ్డాడు.

"కొత్త బండా శెట్టీ?"

"పాతదే."

"అదీ సంగతి. పాతదానికి ఇద్దరి దిష్టి. కొన్నోనిదొకటి, అమ్ముకున్నోనిదొకటి."

కేశవయ్యకు ఆ మాట నచ్చింది. ఇంటర్వ్యూ అయినాక గుడిలో కొడదామని తెచ్చిన కొబ్బరికాయ డిక్కీలో ఉంది. బానెట్టు ఎత్తించాడు.

అప్పుడే ఏడు గంటల బస్సు వచ్చింది. టైము ఎనిమిది. శ్రీవిద్య పరుగున పోయి చెయ్యెత్తింది. కేశవయ్య అంతకంటే వేగంగా పోయి ఆ చెయ్యి దించాడు. "కారు పక్కన నిలబడి బస్సును అడుక్కుంటావా?" బస్సు నెమ్మదించింది. కండక్టరు మేకల్నీ, కారునీ, కేశవయ్యనీ వరసగా చూశాడు.

"ఏం శెట్టీ, కారును మేపుతాండావా?"

బస్సంతా నవ్వుకుంటూ పోయింది. ఆ కోపంలో కేశవయ్య కొట్టిన దెబ్బకు కొబ్బరికాయ మూడు ముక్కలయింది. నీళ్లన్నీ ఇంజను మీద పడ్డాయి.

ఓబులేషు తాళం తిప్పాడు. దీపం ఈసారి మిటుకు మిటుకుమంటూ కొట్టుకుంది.

"చూసినావా!" అన్నాడు కేశవయ్య. "కొట్టుకుంటాండాదంటే ఆరిపోయే ముందర. చమురైపోయిన దీపం చూళ్లేదా? దేవుడు కరుణించినాడు. పోనీరా!"

"ఇప్పుడు నిలపాల నాయనా! ఇందాక పోవాల, ఇప్పుడు నిలపాల!"

"ఇందాక పోదామంటివి, ఇప్పుడు నిలపమంటావు. నీకే తెలీదు, పిల్లోళ్లకేం చెప్తావు? గమ్మునుండు!"

కారు దగ్గింది, తుమ్మింది, రెండు ఫర్లాంగులు కుంటి, ఒక గుట్ట పక్కన ప్రాణం వదిలింది. శ్రీవిద్య తలుపు తీసి దిగి, చేతనైనంత గట్టిగా వేసింది. తండ్రి ఎదుట ఆమె ఏ తలుపైనా గట్టిగా వేయడం అదే మొదలు.

సెల్లుకు సిగ్నలు గుట్ట మీదే ఉంది. కేశవయ్య పంచె ఎగ్గట్టి ఎక్కి ఇంటికి ఫోను చేశాడు.

"ఏమే, ఇనపడతాండాదా? ఏసన్నకు చెప్పు! ఇంజను లైటు ఎలిగింది! ఏదో ఒక బండి పట్టుకోని బిర్నా వెల్దుర్తి రోడ్డుకు రమ్మను!"

ఏసన్న బస్టాండు దగ్గర కార్లు బాగుచేసే మెకానిక్కు. గాలికి ఆ పేరులో మొదటి ముక్క పోయింది. రాజ్యలక్ష్మమ్మకు వినపడింది శేషన్న అని. శేషన్న వాళ్ల పొలాన్ని కోరుకు, అంటే పంటలో వాటాకు, చేసుకునే రైతు. ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఇంజనంటే ఆ పొలంలో బావి మీది ఆయిలింజనే. కారు వచ్చి నెలే. ఆమె తప్పేమీ లేదు. భర్త చెప్పింది చెప్పినట్టు, ఆలస్యం లేకుండా, శేషన్నకు కబురు పంపింది.

తొమ్మిదింబావుకు టమాటలు తోలే ఆటో ఒకటి వచ్చి కారు వెనక నిలిచింది. వెనక తొట్టిలో ఆయిలింజను. దానికి అటు శేషన్న, ఇటు అతని పెండ్లాం భీమక్క. ఇద్దరి ఒంటి నిండా బురద.

"ఇంజను తెచ్చినాం శెట్టీ!" అన్నాడు శేషన్న.

కేశవయ్య ఒక్క దూకున ఆటో దగ్గరికి పోయాడు. "నిన్నెవడు రమ్మన్నాడు? దీన్నెందుకు తెచ్చినావు? ఏసన్న యాడ?"

"అమ్మే చెప్పె గదా, ఇంజను లైటు ఎలిగింది, బండి పట్టుకోని బిర్నా పొమ్మని! బండి ఇంజనుకు గాక ఇంకెందుకు?"

భీమక్క తొట్టిలోనే లేచి నిలబడింది. "నాలుగు మడులు గూడా తడవకముందే నిలిపితిమి. నట్లు ఊడదీసి ఆరుగురం మోస్తిమి. లైటు ఎలిగిందంట! వత్తి పెట్టేదానికి గూడా జాగా లేదే దీనికి, లైటు యాడ ఎలిగింది శెట్టీ? ఆడ టమాట చెట్లు నాలుక ఎళ్లబెడతాండాయి, నువ్వీడ గుట్టెక్కి పరాచికాలాడతాండావా?"

ఆటో నడిపే చిన్న ఈరన్న హారను కొట్టాడు. "మీ పంచాయితీ తెగేది కాదుగానీ, నేను కల్లూరుకు పోయి ఖాళీ గంపలు ఎక్కించుకోవాల. దీన్ని దించుకుంటారా, లేదా?"

దించాలంటే ఆరుగురు కావాలి. మేకలతో వెనకే వచ్చిన పెద్ద ఈరన్నను కలుపుకున్నా అక్కడ ఉన్న మగవాళ్లు అయిదుగురే. ఆ లెక్క తేలేలోపే శ్రీవిద్య ఆటోలో డ్రైవరు పక్కన కూర్చుంది.

"పోనీ అన్నా. ఇంజను సాయంత్రం దించుకుంటారు."

"లెక్చరరు కాబోయే పిల్ల టమాట ఆటోలో పోతాదా?" అని అరిచాడు కేశవయ్య. "ఊర్లో నా మొగం..."

"నీ మొగం ఈడే పెట్టుకో నాయనా. కారుకు కావిలి ఉంటాది."

ఆటో కదిలింది. "మా ఇంజను యాడికి పోతే నేనూ ఆడికే" అని భీమక్క దాన్ని కావలించుకుని కూర్చుంది. శేషన్న మాత్రం కేశవయ్య దగ్గర మిగిలాడు. తిట్టడానికి ఒకరు ఉండాలి కదా.

ఆటో కాలేజీ గేటు చేరేసరికి పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ. శ్రీవిద్య చీర చెంగు నిండా ఆటోలో అంటిన గ్రీజు. లోపల కూర్చున్న ముగ్గురిలో పెద్దాయన ఆ మరక చూసి, కిటికీలోంచి ఆటో చూసి, ఆ ఇంజను ఏమిటమ్మా అని అడిగాడు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన నవ్వి, సరే, ఆ డీజిలింజనుకు స్పార్కు ప్లగ్గు ఎందుకు ఉండదో, నీ కారు ఇంజనుకు ఎందుకు ఉంటుందో బోర్డు మీద చెప్పమన్నాడు. తెల్లవారినప్పటి నుంచి ఇంజను గురించి ఆమె చెప్పిన మాట ఒక్కటీ ఎవరూ వినలేదు. అరగంట చెప్పింది. ముగ్గురూ విన్నారు. వచ్చే శుక్రవారం చేరమన్నారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు, ఎవరిదో మోటారు సైకిలు వెనక ఎక్కి పోయిన ఓబులేషు, ఏసన్నను తీసుకొచ్చాడు. ఏసన్న బానెట్టు ఎత్తి, ఒక తీగ చివర ప్లగ్గు ఊడబెరికి, వాసన చూశాడు. వేలితో తుడిచి నాలుక్కి రాసుకున్నాడు.

"శెట్టీ, ఈడ కొబ్బరి నీళ్లు పోసిందెవురు?"

ఓబులేషు ఆకాశంలోకి చూశాడు.

"ప్లగ్గు నిండా తీపి. చీమలు సంసారం పెట్టినాయి. లైటు ఎలగక ఏమైతాది?" ఏసన్న గుడ్డతో తుడిచి, నోటితో ఊది, బిగించాడు. కారు కదిలింది. పసుప్పచ్చ దీపం మాత్రం నిలకడగా వెలుగుతూనే ఉంది.

"అది పోలేదే?"

"నాలుగు దినాలు తిరగనీ, అదే పోతాది. తొందరపడొద్దు. ఇంజను మీద మాత్రం కాయ కొట్టొద్దు."

"దేవునికి కాయ కొట్టాలన్నా నీ పర్మిషనా?" అన్నాడు కేశవయ్య. రిపేరు మనిషి దగ్గర కోపం అణుచుకోవడం ఆయనకు చేతకాదు.

మళ్లీ శుక్రవారం వచ్చింది. శ్రీవిద్య ఉద్యోగంలో చేరే రోజు. ఆరున్నరకు వాకిట్లోంచి కేశవయ్య కేక వినపడింది.

"ఏమే! కారులో దీపం ఆరిపోయింది!"

"శుక్రవారం పూట ఆ మాటేంది? కొండెక్కిందను" అంది లోపలి నుంచి రాజ్యలక్ష్మమ్మ.

"ఏదో ఒకటి, పోయింది గదా! నా బిడ్డ మొదటి దినం డ్యూటీకి కారులోనే పోవాల. నేనే దింపొస్తా!"

బానెట్టు ఎత్తిన చప్పుడయింది. ఆ వెనకే కొబ్బరికాయ పగిలింది.

శ్రీవిద్య సంచి భుజాన వేసుకుని, పెరటి వాకిట్లోంచి ఏడు గంటల బస్సుకు పోయింది.