ఎర్రదీపానికి స్థానచలనం

బొల్లారంలోని ఒక మందుల ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో, కంప్యూటర్ తెర మీది బటన్లకూ దీపాలకూ సంచార స్వేచ్ఛ లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఈ సంస్కరణకు మూలపురుషుడు మల్లేష్ అనే ఆపరేటర్. మందు తయారయ్యే రియాక్టర్ మితిమీరి వేడెక్కితే వెలిగే ఎర్రదీపం తెర మీద ఒక మూలన, గ్రాఫు కింద సగం నలిగి ఉండేది. "మేడం, కండ్లకు ఆనుతలేదు. జెర నడుమకు జరుపుకునేటట్టు చేయుర్రి" అని ప్రోగ్రామర్ రుచితను అడిగాడు.

డబ్బాలను గీతలతో కలిపితే ప్రోగ్రాం తయారయ్యే సాఫ్ట్‌వేర్‌లో రుచిత ఆ తెరను కట్టింది. మౌసుతో పట్టుకుంటే వెంట రావాలని, వదిలితే అక్కడే నిలబడాలని రెండు రోజులు కూర్చుని ప్రతి దీపానికీ, ప్రతి బటనుకూ నేర్పింది. మల్లేష్ దీపాన్ని లాక్కొచ్చి కళ్లెదుట పెట్టుకున్నాడు. "ఇగ మంచిగుంది" అన్నాడు.

మేనేజర్ వెంకటేశం గారు దూరదృష్టి గల మనిషి. దగ్గరికి వచ్చే దీపం దూరం కూడా పోగలదని కనిపెట్టింది ఆయనే. మందులు కొనే పార్టీవాళ్లు తనిఖీకి వస్తున్నారనగా దీపం భగ్గున వెలిగింది. ఆయన స్వహస్తాలతో దాన్ని లాగి తెర మీది కంపెనీ లోగో వెనక దాచారు.

"సారూ, రియాక్టర్ నిజంగనే గరమైతున్నది!" అన్నాడు మల్లేష్.

"సాంకేతిక విజ్ఞానం మనిషికి మనశ్శాంతినియ్యాలె మల్లేష్. తెర ఎంత ప్రశాంతంగ ఉన్నదో సూడు."

అతిథులు చూశారు, మెచ్చుకున్నారు, భోజనానికి వెళ్లారు. మల్లేష్ మాత్రం మనశ్శాంతి కరువై ప్లాంటులోకి ఉరికాడు. చల్లనీళ్ల వాల్వును చేత్తో తిప్పాడు. రియాక్టర్ పేలకుండా నిలిచింది. ఆవిరి కొట్టి అతని కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. కొంత గ్యాసు బయటికి పోయింది.

వెంకటేశం గారి అధ్యక్షతన విచారణ సంఘం వెంటనే సమావేశమైంది. తెర నిర్దోషి అని తేలింది. డ్యూటీ వేళ కుర్చీ వదిలినందుకు మల్లేష్‌కు మెమో అందింది. దాన్ని అతను ఎడమచేత్తో పుచ్చుకున్నాడు.

రుచిత ఎర్రదీపాన్ని తెర నడుమ ఎవరూ కదపలేకుండా బిగించేసింది.

"ఎవరి పర్మిషన్‌తోని బిగించినవ్?" అన్నారు వెంకటేశం గారు.

"మీరు ఎవరి పర్మిషన్‌తోని దాచిండ్రు సార్?"

మరుసటి ఉదయానికి ఆమెను స్టోర్స్ విభాగానికి జరిపారు. ఈ జరుపుడుకు ఏ ప్రోగ్రామూ అవసరం పడలేదు.

ఇక బయటికి పోయిన గ్యాసు సంగతి. తనిఖీ జరిగిన రోజు సాయంత్రానికే దాని వాసన అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల దాకా వెళ్లింది. పిల్లలు దగ్గారు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఎవరో కంప్లైంట్ రాద్దామన్నారు. పేపర్లో పడితే ఫ్లాట్ల రేట్లు పడిపోతాయని ఇంకొకరు గుర్తు చేశారు. అందరూ కిటికీలు మూసుకున్నారు. గుర్తు చేసిన మెసేజికి లైకులుగా వచ్చిన బొటనవేళ్లలో ఒకటి మీదే అనుకుంటున్నాం.