పన్నెండు సీసాల ఒలీవ నూనె

బుధవారం పొద్దున్నే గ్లోరీ ఆ రాత్రి వంటేమిటో కాగితం మీద రాసి ఫ్రిజ్జుకి అంటించింది. శనగల సలాడు, నిమ్మరసం పిండిన కానాగంత చేపలు, పాలకూర, పెరుగు. కింద ఎర్ర పెన్నుతో 'రేపే పరీక్ష' అని రాసి రెండు గీతలు గీసింది. పరీక్ష తొమ్మిదేళ్ళ గ్లోరీది కాదు. వాళ్ళ నాన్న జ్ఞానానందానిది.

జ్ఞానానందం కొత్తవలస నుంచి కిరండూల్ లైనులో గూడ్సు బండి నడుపుతాడు. ఐదు వారాల కిందట మెడికల్ చెకప్‌లో పరగడుపు షుగరు నూట తొంభై దాటింది. "ఐదు వారాలు టైమిస్తున్నాను. తగ్గితే ఇంజనెక్కు. లేదంటే ఆఫీసులో కుర్చీ వేయిస్తాను, కాగితాలు చూసుకో" అన్నాడు రైల్వే డాక్టరు. ఇరవై రెండేళ్ళు ఆ లైను కొండ సొరంగాల్లో బండి నడిపినవాడికి భయమంటే ఏమిటో ఆ కుర్చీ మాట విన్నాకే తెలిసింది.

భార్య అన్నమ్మ విజయనగరంలో నర్సు. మధ్యధరా సముద్రం ఒడ్డున జనం తినే తిండి తింటే షుగరు దిగుతుందని ఆవిడే ఒక కాగితం తెచ్చింది. తీరా ఆవిడకేమో సాయంత్రం డ్యూటీలు. అంచేత రోజూ రాత్రి వంట తండ్రీ పిల్లల నెత్తిన పడింది. పదమూడేళ్ళ సంజయ్ పొయ్యి దగ్గర, గ్లోరీ శనగలు నానబెట్టడానికి, జ్ఞానానందం ఉల్లిపాయలు తరగడానికి. రైస్ కుక్కరు అటక ఎక్కింది. "షుగరు మాట బయట అనకండర్రా. డిపోలో తెలిస్తే పరువు పోతాది" అని పిల్లల చేత ఒట్టు వేయించుకున్నాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా, ఆ పొద్దున్న సంజయ్ మోచెయ్యి తగిలి ఒలీవ నూనె సీసా నేల మీద పడి పగిలింది. విజయనగరం వెళ్ళి తెచ్చే వ్యవధి లేదు. జ్ఞానానందానికి దేవసహాయం కొట్టు గుర్తొచ్చింది.

దేవసహాయం చర్చి వీధిలో బైబిళ్ళు, పాటల పుస్తకాలు, కేలండర్లు అమ్ముతాడు. ఒలీవ నూనె చిన్న సీసాలు కూడా పెడతాడు. సంఘంలో ఎవరికైనా జబ్బు ముదిరితే పాస్టరుగారు ఆ నూనె నుదుటికి రాసి ప్రార్థన చేస్తారు. ఒక్క సీసా కొంటే ఇంటిల్లిపాదికీ మూడేళ్ళు వస్తుంది.

"పన్నెండు సీసాలియ్యి" అన్నాడు జ్ఞానానందం.

దేవసహాయం ఎగాదిగా చూశాడు. మనిషి ఏడు కిలోలు తగ్గి ఉన్నాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది.

"అన్నా, ఇంటికాడ అందరూ బాగున్నారా?"

"రేపు డాక్టరు సూస్తాడు. ఆయనేటంటాడో మరి."

"పిల్లలకి తెలుసా?"

"పిల్లలే కదా, అన్నీ ఆళ్ళే సూసుకుంటన్నారు. నువ్వు మాత్రం ఎవులికీ సెప్పకు."

"నేనెందుకు సెప్తానన్నా" అంటూ దేవసహాయం కళ్ళు తుడుచుకుని, పదమూడో సీసా ఊరికే సంచీలో వేశాడు. జ్ఞానానందం వీధి మలుపు తిరిగేదాకా ఆ మాట మీదే నిలబడ్డాడు. తర్వాత కూడా ఒక్క పాస్టరుగారికే చెప్పాడు. ఆయన తన భార్యకే చెప్పారు. ఆవిడ స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో తప్ప ఇంకెక్కడా పెట్టలేదు.

సాయంత్రం నిమ్మకాయలు చాలక గ్లోరీ పక్కింటి గున్నమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"ఏటే వండుతన్నారు?" అంది గున్నమ్మ.

"శనగలు, సేపలు."

"మరి అన్నమో?"

"నాన్న అన్నం మానీసి ఐదు వారాలైంది."

"ఓలమ్మ, ఎందుకే?"

ఒట్టు గుర్తొచ్చి గ్లోరీ తల దించుకుంది. "సెప్పకూడదు మామ్మా" అంది. గున్నమ్మ నాలుగు నిమ్మకాయలిచ్చి పంపి, ఆ వెంటనే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది.

ఏడున్నరకి తలుపు చప్పుడైంది. ఉల్లిపాయలు తరుగుతున్న జ్ఞానానందం చేతిలో కత్తితో, కళ్ళనిండా నీళ్ళతో వచ్చి తలుపు తీశాడు. గుమ్మంలో పాస్టరుగారు, వెనక దేవసహాయం, ఆ వెనక సంఘం పద్దెనిమిది మంది. కష్టంలో ఉన్న ఇంటికి వట్టి చేతులతో ఎలా వెళ్తారు, ఎనిమిది కేరియర్లు కూడా వచ్చాయి. అతని కళ్ళు చూడగానే వెనక ఎవరో బావురుమన్నారు.

"నాకేటీ లేదండి" అన్నాడు జ్ఞానానందం.

"అందరూ మొదట అలాగే అంటారు బాబూ" అని పాస్టరుగారు అతన్ని చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. నూనె కోసం వంటింట్లోకి వెళ్ళిన దేవసహాయం పాలిపోయిన మొహంతో తిరిగొచ్చాడు. "అయ్యగారూ, పొద్దున్న తెచ్చిన వాటిలో అప్పుడే నాలుగు సీసాలు అయిపోనాయండి" అన్నాడు. పాస్టరుగారు ప్రార్థన కాస్త పొడిగించారు. లోపల చేపలు మాడుతున్న వాసన వస్తోంది, కళ్ళు తెరవడానికి లేదు.

ఆమేన్ అనగానే గున్నమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కొండంత అన్నం, దాని మీద పులుసు. "నాలుగు మెతుకులు తిను బావూ, నా మాట ఇను" అంది. తింటే తెల్లారి షుగరు ఎక్కుతుంది. తినకపోతే మనిషి పోతున్నాడని ఖాయం చేసేస్తారు. జ్ఞానానందం చెయ్యి పళ్ళెం దగ్గర ఆగిపోయింది.

ఇంతలో పాస్టరుగారు ఫోను తీశారు. "డిపోలో మన సంఘం కుర్రాడున్నాడు. రేపట్నుంచి నీకు సెలవు పెట్టించేస్తాను. ఈ స్థితిలో ఇంజనేమిటి" అన్నారు.

"వద్దండి, ఆ పని సెయ్యకండి" అని జ్ఞానానందం లేవబోతే నలుగురు కలిసి మళ్ళీ కూర్చోబెట్టారు.

అప్పుడు గ్లోరీ వచ్చి పళ్ళేనికీ తండ్రికీ మధ్య నిలబడింది. "నాన్నకి షుగరు. అంతే. ఈ అన్నం తిన్నాడంటే రేపు ఇంజను మీంచి దింపేస్తారు" అంది.

పాస్టరుగారు ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

"షుగరేనా?" అంది గున్నమ్మ. గొంతులో కొంచెం నిరాశ ఉన్నమాట నిజం. "నాకు పదేళ్ళై ఉన్నాది. ఎవులికైనా సెప్పినానా?"

"నాకూ ఉన్నాది" అన్నాడు దేవసహాయం, గోడకేసి చూస్తూ.

సరిగ్గా అప్పుడే అన్నమ్మ డ్యూటీ నుంచి వచ్చింది. ఇంటినిండా జనాన్నీ, మొగుడి నుదుటి మీద నూనెనీ చూసి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. సంజయ్ జరిగింది చెప్పాక సంచీ కింద పెట్టి, షుగరు చూసే మిషను తీసింది. నర్సు చేతిలో సూది చూశాక ఎవరూ కాదనలేకపోయారు. జ్ఞానానందానికి నూట నాలుగు. గున్నమ్మకి రెండు వందల పది. దేవసహాయానికి రెండు వందల నలభై. పాస్టరుగారికి రెండు వందల ఎనభై ఆరు.

జ్ఞానానందం లేచి కుర్చీ ఖాళీ చేశాడు. పాస్టరుగారు అందులో కూర్చున్నారు. పిల్లలు గిన్నెడు శనగలు తలా రెండు చెంచాలు పంచారు. మిషను పట్టుకుని అన్నమ్మ అక్కడే నిలబడి ఉండగా కేరియరు మూత తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మర్నాడు పరగడుపున తొంభై ఎనిమిది. డాక్టరు రెండుసార్లు చూసి ఫిట్ అని సంతకం పెట్టాడు. జ్ఞానానందం ఇంటికొచ్చేసరికి పిల్లలిద్దరూ గేటు దగ్గరే ఉన్నారు. విషయం చెప్పగానే ఎగిరి గంతేస్తారనుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అయితే నాన్నా, ఇంక శనగలు మానీవచ్చా?" అన్నాడు సంజయ్.

"నాకు మొదట్నుంచీ శనగలంటే పడదు. నువ్వు ఇంజనెక్కాలని తిన్నాను" అంది గ్లోరీ. చెప్తూంటేనే దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఐదు వారాలు ఒక్క పూట కూడా మొహం చిట్లించని పిల్లలు. జ్ఞానానందం ఇద్దర్నీ దగ్గరికి లాక్కున్నాడు. అటక మీంచి కుక్కరు దింపి, తనే రెండు గ్లాసుల బియ్యం పోశాడు.

మూడు నెలలకి మళ్ళీ రావాలని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని ఆ పూటకి మాత్రం జేబులోంచి బయటికి తీయలేదు.